పందెం వారిది, మనసు ఎవరిది?

మొన్నటి వానాకాలం పంటలు ఇంటికొస్తున్న రోజులు. మా ఏర్గట్ల చుట్టుపక్కల పసుపు ఇంకా చేలల్లో పచ్చగానే ఉంది. మక్కలు మాత్రం ఒలిచి రోడ్డు పొడవునా ఆరబోశారు. ఒక సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఒక పెద్దమనిషి తన ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని మసీదుకు వచ్చాడు. పెద్దవాడు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం, చిన్నవాడు ఎనిమిదో తరగతి. చిన్నవాడి చేతికి కట్టు ఉంది.

“మౌల్సాబ్, వీడికి కార్ల పందేల పిచ్చి” అన్నాడు తండ్రి, పెద్దవాణ్ణి చూపిస్తూ. “గోడ నిండా ఎవడో డ్రైవర్ ఫొటోలే. అబూధాబీలో పనిచేసే మా తమ్ముడు ఆ టీము టోపీ ఒకటి పంపించాడు. నమాజు టోపీకన్నా అదే ఎక్కువసేపు నెత్తి మీదుంటది. మొన్న చిన్నోణ్ణి వెనక కూర్చోబెట్టుకొని, ఆ డ్రైవర్ లెక్కనే బండి వంచి మలుపు తిప్పబోయిండు. మక్కల మీద బండి జారింది. చిన్నోడి చెయ్యి విరిగింది. ఇదంతా హరామని మీరు ఒక్క మాట చెప్పండి చాలు, ఇయ్యాలే టీవీ తీసేస్తా.”

అబ్బాయి తల వంచుకొని నిలబడ్డాడు. నేను అడిగిన తర్వాత నెమ్మదిగా నోరు విప్పాడు. “తప్పు నాదే మౌల్సాబ్. కాని నేను పందెం చూసినందుకు పడలేదు, మక్కలు చూడనందుకు పడ్డాను.” కాస్త ఆగి మళ్ళీ అన్నాడు: “నేను అతణ్ణి పూజించడం లేదు. ఇష్టపడుతున్నాను, అంతే. ఇష్టపడటం కూడా పాపమేనా?”

తండ్రి అడిగిన ఒక్క మాట చెప్పడం నాకు తేలికే. కాని కొడుకు అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. అందుకే ఆ రోజు ఏమీ చెప్పకుండా వారిని పంపించాను. ఈ నాలుగు మాటలు ఆ అబ్బాయి కోసం రాస్తున్నవే. అయితే అలాంటి అబ్బాయిలు ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్నారు.

దూరపు ముచ్చట కాదు

కార్ల పందేలంటే ఎక్కడో విదేశాల ముచ్చట అని మన పెద్దలు అనుకుంటారు. నిజానికి అవి మన గుమ్మం దాకా వచ్చి చాలా కాలమైంది. 2005లో కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా వన్ పందేల్లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. 2011 నుంచి 2013 వరకు మూడేళ్ళపాటు ఢిల్లీ దగ్గరి గ్రేటర్ నోయిడాలో ఆ పందేలు జరిగాయి. 2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులోనే, హుస్సేన్ సాగర్ ఒడ్డు రోడ్ల మీద, ఫార్ములా-ఇ అనే విద్యుత్ కార్ల ప్రపంచ పోటీ జరిగింది. మన దేశంలో ఆ పోటీ జరగడం అదే మొదటిసారి. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024 ఫిబ్రవరిలో జరగవలసిన రెండో పోటీ రద్దయింది. పందెం వెళ్ళిపోయింది, అభిమానులు మిగిలారు.

ఈ అబ్బాయి ఆ రోజు తన మామూ వెంట హైదరాబాదు వెళ్ళి చూసి వచ్చాడట. అప్పటికి తొమ్మిదో తరగతి. ఆ కార్ల బ్యాటరీలో ఛార్జి పరిమితంగా ఉంటుందనీ, కాలు ఎప్పుడూ నొక్కే ఉంచేవాడు చివరి చుట్టుకు ముందే ఖాళీ అవుతాడనీ, ఎక్కడ వదలాలో తెలిసినవాడే గమ్యం చేరతాడనీ నాకు అతడే వివరించాడు. అతని మాటల్లో కేవలం పిచ్చి కనిపించలేదు. చూసినదాన్ని ఆలోచించే గుణం కనిపించింది.

షరీఅత్ వేగాన్ని ద్వేషించలేదు

ముందుగా తండ్రులకు ఒక విషయం చెప్పాలి. పందెం అనే మాట వినగానే ముఖం చిట్లించుకోవలసిన పని లేదు. మహాప్రవక్త (స) కాలంలో మదీనాలో గుర్రప్పందేలు జరిగాయి. తర్ఫీదు పొందిన గుర్రాలను హఫ్యా అనే చోటి నుంచి సనియ్యతుల్ వదా వరకు పరుగెత్తించారు. అది అయిదారు మైళ్ళ దూరమని హదీసు ఉల్లేఖకులు చెప్పారు. తర్ఫీదు లేని గుర్రాలకు దాదాపు ఒక్క మైలు దూరమే పెట్టారు. ఆ పందెంలో పాల్గొన్న యువకుల్లో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒకరు. ప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. ఒకసారి ఆమె గెలిచారు, మరోసారి ఆయన గెలిచారు. ఖుర్ఆన్‌లో ఒక సూరా పరుగెత్తే గుర్రాల మీద ప్రమాణంతోనే మొదలవుతుంది.

ఆ గుర్రాల దూరాలను గమనించండి. ఏ గుర్రానికి ఎంత శక్తి ఉందో అంత దూరమే పెట్టారు. పందెం ఉంది, పందెంలో దయ కూడా ఉంది.

అలాగే హద్దు కూడా ఉంది. పోటీదారులు తలా కొంత సొమ్ము పెట్టి, ఓడినవాడిది గెలిచినవాడు తీసుకుంటే అది జూదమని ధర్మవేత్తలు స్పష్టంగా చెప్పారు. బయట కూర్చొని ఎవరు గెలుస్తారో డబ్బు కాసేవాడి సంగతి ఇక చెప్పనక్కరలేదు. మన రాష్ట్రం ఆన్‌లైన్ జూదాన్ని 2017లో నిషేధించింది. 2025లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్ర ప్రభుత్వం కూడా చట్టం చేసి నిషేధించింది. చట్టాలు రాకముందూ అది మనకు నిషిద్ధమే. ఈ అబ్బాయిని అడిగాను. పైసా కూడా కాయలేదని చెప్పాడు. నమ్మాను.

కాబట్టి వేగాన్ని చూసి సంతోషించడం మనిషి సహజగుణం. దాన్ని పాపమని చెప్పే హక్కు నాకు లేదు. మరి ఎక్కడ జాగ్రత్తపడాలి?

ధైర్యమా, దుస్సాహసమా?

అభిమాని తన డ్రైవర్‌లో ఏం చూసి ఇష్టపడతాడు? ధైర్యాన్ని. ధైర్యం ఎవరిలో ఉన్నా గౌరవించవచ్చు. మక్కా వాసి ముత్యిమ్ బిన్ అదీ ఇస్లాం స్వీకరించకుండానే మరణించాడు. అయినా అతడు చేసిన మేలును ప్రవక్త (స) మరువలేదు. అతడు బ్రతికి ఉండి అడిగి ఉంటే బద్ర్ ఖైదీలను అతని కోసం విడిచిపెట్టేవాణ్ణని అన్నారు. మంచి ఎక్కడున్నా మంచిగా గుర్తించడం మన సంప్రదాయమే.

అయితే ధైర్యమంటే ఏమిటి? ఇమామ్ గజాలీ (రహ్మ) వంటి పండితులు ధైర్యానికి రెండు పక్కలా రెండు గోతులున్నాయని వివరించారు. ఒకటి పిరికితనం, రెండోది తహవ్వుర్, అంటే ముందూ వెనకా చూడని దుస్సాహసం. ఈ రెండింటి నడుమ బుద్ధి పగ్గాల్లో నడిచేదే ధైర్యం.

ఈ సంగతి నేను అబ్బాయికి చెబితే అతడు నాకు ఒక సంఘటన చెప్పాడు. 2020 నవంబరు 29న బహ్రయిన్ పందెంలో రొమైన్ గ్రోజాన్ అనే డ్రైవర్ కారు ఇనుప అడ్డుకట్టను చీల్చుకొని రెండు ముక్కలై భగ్గుమంది. దాదాపు అర నిమిషం మంటల్లో ఉండి, అతడు కాలిన చేతులతో నడిచి బయటకు వచ్చాడు. తల చుట్టూ ఉండే హేలో అనే లోహపు చట్రం, శిరస్త్రాణం, మంటను తట్టుకునే దుస్తులు, క్షణాల్లో చేరిన వైద్యుడి కారు, ఇవన్నీ సాధనాలయ్యాయి. విచిత్రమేమంటే ఆ చట్రాన్ని ప్రవేశపెడుతున్నప్పుడు వద్దన్నవారిలో అతడూ ఒకడు. తర్వాత అదే తనను కాపాడిందని ఒప్పుకున్నాడు.

ఇది చెప్పి అబ్బాయి నా ముఖంలోకి చూశాడు. “వాళ్ళు ఇన్ని కట్టుకొని నడుపుతారు మౌల్సాబ్. మీరేమో మోర్తాడ్ నుంచి హెల్మెట్ లేకుండానే వస్తారు.”

నాకు మాట రాలేదు. అతడన్నది నిజం. టోపీ నలుగుతుందని ఇన్నేళ్ళు నేను హెల్మెట్ పెట్టుకోలేదు. ఎవరైనా అడిగితే అల్లాహ్ మీద భారం వేశానని చెప్పేవాణ్ణి. ఒంటెను కట్టేసి భారం వేయాలా, వదిలేసి వేయాలా అని ఒక వ్యక్తి అడిగితే, ముందు కట్టు, ఆ తర్వాత నమ్ముకో అన్న అర్థంలో ప్రవక్త (స) బోధించారు. ఈ హదీసును ఎన్నో ప్రసంగాల్లో వినిపించినవాణ్ణి నేనే. నా ఒంటెను నేను కట్టలేదు. ఆ కుర్రవాడు అభిమానించే మనిషి కట్టాడు.

అయితే ఇక్కడే అబ్బాయికి కూడా ఒక జవాబుంది. డ్రైవర్ ధైర్యంలో కనిపించే భాగం ఒకటి, కనిపించని భాగం ఒకటి. మలుపు దగ్గర కారు వంపు కనిపిస్తుంది. దాని వెనకాలి ఏళ్ళ సాధన, నియమాలు, అడ్డుకట్టలు, జెండా ఊపగానే వేగం తగ్గించే విధేయత మన కంటికి ఆనవు. అభిమాని ఇంటికి తెచ్చుకునేది మొదటి భాగాన్నే. పందెం దారిలో ఎదురుగా బండి రాదు. మన రోడ్డు మీద పసుపు ట్రాక్టరు వస్తుంది, బడి పిల్లలు వస్తారు, ఎడ్లు వస్తాయి, మక్కలుంటాయి. వెనక సీట్లో తమ్ముడుంటాడు. ఆ డ్రైవర్ తన ప్రాణాన్ని తన ఇష్టంతో పణంగా పెట్టాడు. ఇక్కడ చెయ్యి విరిగినవాణ్ణి ఎవరూ అడగలేదు. హైదరాబాదు చుట్టూ వేసిన ఔటర్ రింగ్ రోడ్డు మీద అతివేగం ఎంతమంది పేరున్నవారి ఇళ్ళలో పిల్లలను పొట్టన పెట్టుకుందో పత్రికలు చదివేవారికి తెలుసు. ఆ తల్లిదండ్రుల దుఃఖాన్ని పేర్లతో తవ్వడం నాకిష్టం లేదు. మీ చేతులారా మిమ్మల్ని నాశనంలో పడవేసుకోవద్దన్న దైవాజ్ఞ సూరా బఖరాలో ఉంది. ఇంకొకరిని పడవేయడం అంతకంటే పెద్ద మాట.

ఆగిన ఒక్కడు

ఇంకా లోతుకు వెళితే ఒక కఠినమైన ప్రశ్న ఉంది. పందెంలో మనకు రుచించేది నైపుణ్యమా, ప్రమాదమా? 1955 జూన్ 11న ఫ్రాన్సులోని ల మాన్ పందెంలో ఒక కారు శకలాలు జనం మీద పడి ఎనభై మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. పందెం మాత్రం కొనసాగింది. 1994 మే 1న ఇటలీలోని ఇమోలాలో బ్రెజిల్ దేశస్థుడు అయిర్టన్ సెన్నా కోట్లాదిమంది చూస్తుండగా మరణించాడు. అంతకు ముందు రోజే అదే చోట ఆస్ట్రియా డ్రైవర్ రోలాండ్ రాట్జెన్‌బర్గర్ చనిపోయాడు. ఆ మరణాల తర్వాత జాగ్రత్తలు చాలా పెరిగాయి. అయినా ప్రమాదం పూర్తిగా తొలగిపోలేదు.

1973 జూలై 29న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్ పందెంలో రోజర్ విలియమ్సన్ అనే యువకుడి కారు తిరగబడి మంటల్లో చిక్కుకుంది. వెనక వస్తున్న డేవిడ్ పర్లీ అనే డ్రైవర్ తన కారును పక్కన ఆపి, దారి దాటి పరుగెత్తి, ఒంటరిగా ఆ కారును లేపబోయాడు. లేపలేకపోయాడు. మిగతా కార్లు చుట్టు మీద చుట్టు తిరుగుతూనే ఉన్నాయి. మండుతున్నది పర్లీ కారేననీ, అతడు బయటపడ్డాడనీ అనుకున్నామని వారిలో కొందరు తర్వాత చెప్పుకున్నారు. విలియమ్సన్ మరణించాడు. ప్రాణానికి తెగించి పరుగెత్తినందుకు బ్రిటన్ ప్రభుత్వం పర్లీకి జార్జ్ పతకం ఇచ్చింది. ఆ పందెంలో పర్లీ గమ్యం చేరలేదు. అయినా ఆ రోజు మాట వచ్చినప్పుడు జనం ముందుగా తలచుకునేది ఆగిపోయిన అతణ్ణే.

నాయనా, నీకు అభిమానించాలని ఉంటే ఇలాంటి క్షణాన్ని అభిమానించు. నీ మనసును నువ్వే పరీక్షించుకో. తెర మీద కారు తిరగబడిన మొదటి క్షణంలో నీ నోటి నుంచి ఏం వస్తుంది? లోపలున్నవాడి కోసం ఆందోళనా, లేక కేరింతా? పోటీదారు కారు పాడైతే నీకు లోలోపల కలిగే సంతోషం ఎలాంటిది? ఈ ప్రశ్నలకు ముఫ్తీలు ఫత్వా ఇవ్వలేరు. నీ హృదయమే ఇవ్వాలి.

ప్రేమ ఎక్కడికి లాక్కెళుతుంది?

ఒక పల్లెవాసి ప్రళయం ఎప్పుడొస్తుందని అడిగితే, దాని కోసం నువ్వేం సిద్ధం చేసుకున్నావని ప్రవక్త (స) ఎదురు అడిగారు. అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ తప్ప పెద్దగా ఏమీ లేదన్నాడతను. మనిషి తాను ప్రేమించినవారితోనే ఉంటాడని ఆయన శుభవార్త చెప్పారు. ఇస్లాం తర్వాత తమకు ఇంతకుమించి సంతోషం కలిగించిన మాట లేదని హజ్రత్ అనస్ (రజి) చెప్పారు. ప్రేమ చిన్న విషయం కాదని దీనివల్ల తెలుస్తోంది. ప్రేమ మనిషిని ఒక వైపుకు నడిపిస్తుంది. అందుకే, ఇష్టపడటం పాపమా అని అడిగిన అబ్బాయిని నేను అడిగేది ఇది: ఆ ఇష్టం నిన్ను ఎటు నడిపిస్తోంది?

2021 డిసెంబరు 12న అబూధాబీలో ఏం జరిగిందో అభిమానులందరికీ తెలుసు. లూయిస్ హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్ సరిసమానంగా 369.5 పాయింట్లతో చివరి పందెంలోకి దిగారు. ముగింపు దగ్గరపడుతున్నప్పుడు నికొలస్ లతీఫీ అనే డ్రైవర్ కారు గోడకు కొట్టుకుంది. దాంతో పందెం తలకిందులై, చివరి చుట్టులో వెర్‌స్టాపెన్ ముందుకు దూసుకెళ్ళి విజేత అయ్యాడు. ఓడిపోయిన హామిల్టన్ వెళ్ళి అతణ్ణి కౌగిలించుకున్నాడు. హామిల్టన్ తండ్రి కూడా అభినందించాడు. అభిమానులేం చేశారు? గోడకు గుద్దుకున్న లతీఫీని చంపుతామని బెదిరింపులు పంపారు.

ఓడినవాడు క్షమించాడు. ఓడనివారు పగబట్టారు. పందెం వారిది, ద్వేషం వీరిది. దీన్నే మన పరిభాషలో అసబియ్యత్ అంటారు. న్యాయాన్యాయాలు చూడకుండా నావాడు కాబట్టి నావాడే అనే మూర్ఖత్వం. కార్ల పందేల్లోనే ఉందనుకోకండి. సినిమా హీరో ఫ్లెక్సీ చింపారని కొట్టుకునేవారిలో, పార్టీ నాయకుడి కోసం సొంత అన్నదమ్ములతో మాటలు మానేసినవారిలో ఉన్నది కూడా ఇదే. ఈ మాట చెప్పినప్పుడు అబ్బాయి తండ్రి నవ్వి తల దించుకున్నాడు. మొన్నటి ఎన్నికల నుంచి ఆయన తన వియ్యంకుడి గడప తొక్కలేదు.

అజ్బా ఓడిన రోజు

ప్రవక్త (స) వద్ద అజ్బా అనే ఆడ ఒంటె ఉండేది. పరుగులో దాన్ని మించినది లేదు. ఒకసారి ఒక పల్లెటూరి మనిషి వయసులో ఉన్న మామూలు ఒంటె మీద వచ్చి దాన్ని ఓడించాడు. సహచరులకు చాలా బాధ కలిగింది. ఆ బాధ వారి ముఖాల్లో కనిపించింది.

ఇప్పుడు మన పెద్దలు గమనించాలి. ఒక ఒంటె ఓడితే ఇంత బాధా అని ప్రవక్త (స) వారిని గద్దించలేదు. నవ్వలేదు. ఈ లోకంలో ఏది పైకి లేచినా దాన్ని కిందికి దించడం అల్లాహ్ నియమమని మాత్రం చెప్పారు. అంటే బాధను కాదనలేదు, దాన్ని దాని కొలతలో ఉంచారు. ఆ ఒంటె ఎవరిదో ఆలోచించండి. సాక్షాత్తు దైవప్రవక్త ఒంటెకే ఈ నియమం వర్తిస్తే మన అభిమాన డ్రైవర్ ఎంత? ఏడుసార్లు ప్రపంచ విజేత అయిన మైఖేల్ షూమాకర్ గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంలో క్షేమంగా బయటపడి, 2013 డిసెంబరు 29న సెలవుల్లో మంచు మీద జారుతూ పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. ఆనాటి నుంచి ప్రజల కంటికి కనబడలేదు. ఇది అతని లోపం కాదు. లోకం తీరు.

సూరా హదీద్‌లో ఈ లోక జీవితాన్ని వానకు ఏపుగా పెరిగిన పంటతో పోల్చారు. రైతుకు ముచ్చట గొలిపి, తర్వాత పండుబారి, చివరకు పొట్టుగా మారుతుందది. వెంటనే తర్వాతి వాక్యంలో, మీ ప్రభువు క్షమాపణ వైపు పోటీపడి పరుగెత్తమని ఆదేశం ఉంది. పసుపు పండించే మనకు ఇది బాగా అర్థం కావాలి. ఆకు ఎండిన తర్వాతే కొమ్ములు తవ్వుతాం. పైన ఉన్నది పోయాక నేల లోపల ఏం కూడబెట్టామో అదే మన పంట. పందెం మనసు అల్లాహ్ ఇచ్చినదే. దాన్ని చంపమనలేదు, దిక్కు చూపించాడు.

జవాబు

అబ్బాయీ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. నైపుణ్యాన్ని ఇష్టపడటం పాపం కాదు. కాని నాలుగు చోట్ల నీ ఇష్టానికి బ్రేకు ఉందో లేదో చూసుకో. యూరప్ పందేలు చాలావరకు మన గడియారంలో ఆదివారం సాయంత్రం ఆరున్నరకు మొదలవుతాయి. ఎండాకాలంలో అది మగ్రిబ్‌కు కాస్త ముందు. అజాన్ వినబడినప్పుడు లేవగలిగితే ఆ పందెం నీ చేతిలో ఉన్నట్టు, లేవలేకపోతే నువ్వే దాని చేతిలో ఉన్నట్టు. నీవాడు ఓడినప్పుడు గెలిచినవాణ్ణి తిట్టకుండా ఉండగలవా? డబ్బు కాయమని స్నేహితుడు పిలిస్తే కాదనగలవా? బండి తాళం చేతికి రాగానే ఆ టోపీని ఇంట్లో పెట్టి, హెల్మెట్ తీసుకొని బయలుదేరగలవా?

అన్నయ్యా, మీకు కూడా ఒక మాట. టీవీ తీసేస్తే వాడు పక్కింట్లోనో ఫోన్‌లోనో చూస్తాడు, మీకు తెలియదు. ఒక్క పందెం వాడి పక్కన కూర్చొని చూడండి. మగ్రిబ్ వేళ ఇద్దరూ కలిసి లేవండి. గోడ మీది ఫొటోల మాట కూడా పోట్లాటతో కాదు, అలా పక్కన కూర్చున్నప్పుడే తేలుతుంది.

ఇది రాస్తుండగా మా ఊళ్ళో పసుపు తవ్వడం మొదలైంది. చిన్నవాడి చెయ్యి అతుక్కుంది. నేను ఆర్మూర్ వెళ్ళి హెల్మెట్ కొన్నాను. దాని కింద టోపీ పట్టదు. తీసి జేబులో పెట్టుకొని, మసీదు దగ్గర మళ్ళీ పెట్టుకుంటున్నాను. పెద్దవాడు ఎలా ఉంటాడన్నది మార్చిలో పందేలు మళ్ళీ మొదలైనప్పుడు తెలుస్తుంది. నా సంగతి కూడా అప్పటికే తెలుస్తుంది.

పరిమితమైన ఆయుష్షును ఎక్కడ ఖర్చు చేయాలో, ఎక్కడ ఆగాలో తెలుసుకునే వివేకాన్ని, మంచిపనుల్లో ముందుకు సాగే భాగ్యాన్ని అల్లాహ్ మనకూ మన పిల్లలకూ ప్రసాదించుగాక! ఆమీన్.